అబిడ్స్‌లో కొట్టు, నాంపల్లిలో కొట్టివేత

నాంపల్లి క్రిమినల్ కోర్టుల గేటు ముందు, చాయ్ బండి దగ్గర. ఒకాయన ఇంకొకాయనకు చెబుతున్నాడు: "బస్సుల జేబు కొట్టేసిండని పట్టుకున్నరు. రెండేండ్లు తిప్పిన్రు. సాక్ష్యం నిలవలే, కేసు కొట్టేసిన్రు." విన్నాయన తలూపి ఖాళీ గ్లాసు బండి మీద పెట్టాడు.

ఒక్క ఊపిరిలో రెండుసార్లు 'కొట్టేయడం'. మొదటిది దొంగతనం, రెండోది తీర్పు. ఏది ఏదో విడమరిచి చెప్పమని ఆయన అడగలేదు. చదివిన మీకూ ఆ అవసరం రాలేదు.

ఆ గేటు దగ్గర చాలా ఏళ్లు విలేకరిగా తిరిగాను. "కేసు కొట్టేశారు" అన్న మాట చెవిన పడగానే ఒక కుటుంబం మొహాలు విప్పారతాయి. "బెయిలు పిటిషన్ కొట్టేశారు" అన్న మాట విని పక్కనే ఇంకో కుటుంబం మెట్ల మీద కూలబడుతుంది. మాట అదే, ముందు చేరిన పేరు వేరు. మర్నాడు పత్రికలో రెండింటికీ శీర్షిక 'కొట్టివేత' అనే పెట్టేవాళ్లం.

ఇక్కడ కొట్టేది కలం. రాసిన దాని మీద అడ్డంగా ఒక్క గీత కొడితే అది చెల్లదు. బళ్లో పంతులుగారు "తప్పు కొట్టేసి మళ్లీ రాయి" అన్నప్పుడు చేసిన పనినే న్యాయమూర్తి పెద్ద కాగితం మీద చేస్తారు. 'కొట్టు'కు 'వేయు' తోడైతే పని అక్కడితో పూర్తయిందని అర్థం. కొట్టేసిన జేబు ఖాళీ, కొట్టేసిన కేసు కూడా అంతే.

తెలుగులో రోజూ నోట్లో నానే మాటల్లో ఇంత బరువు మోసేది మరొకటి ఉందా అని ఆలోచిస్తే 'పట్టు' గుర్తొస్తుంది, 'పడు' గుర్తొస్తుంది. కానీ బజారులోకి వచ్చిన ప్రతి కొత్త వస్తువునూ చేయిపట్టి తెలుగులోకి తెచ్చింది మాత్రం 'కొట్టు'. అందుకే ఈ వారం అబిడ్స్ నుంచి నాంపల్లి దాకా దాని వెంట నడిచాను.

దుకాణం పేరే ఊరి పేరు

మాది తెనాలి వైపు. చదువు కోసం హైదరాబాద్ వచ్చి నాంపల్లిలో ఒక గది అద్దెకు తీసుకున్న మొదటి వారం, "కొట్టుకు వెళ్లొస్తానండీ" అని ఇంటావిడతో చెప్పాను. ఆమె గాభరాగా "ఎవరితోని కొట్లాటకు పోతున్నవ్ బిడ్డా?" అంది. సబ్బు కోసమని చెప్పాక "అట్లనా, దుకాణంకు పోతున్ననని చెప్పు" అని నవ్వింది. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల్లో కొట్టంటే ముందు గుర్తొచ్చేది సరుకులమ్మే చోటు. పప్పూ ఉప్పూ దాచుకునే గది కూడా కొట్టుగదే. తెలంగాణలో ఆ పనికి దుకాణం ఉంది. అరబ్బీ, ఫారసీ, ఉర్దూల మీదుగా వచ్చి, ఇక్కడి పల్లె గడప దాకా స్థిరపడిన మాట. అంగడి సంగతి ఇంకో రకం. రాయలసీమలో అది దుకాణం, తెలంగాణలో వారానికోసారి జరిగే సంత. వీటిలో ఏది అచ్చమైన తెలుగని వాదించుకోవడంలో నాకు ఆసక్తి లేదు. ఆమె నాకు దుకాణం నేర్పింది, నేను ఆమెకు కొట్టు నేర్పాను. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ రెండూ నడిచాయి.

అబిడ్స్ పేరు వెనక ఉన్నదీ ఒక కొట్టే. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో పనిచేసిన ఆల్బర్ట్ ఆబిద్ ఇక్కడ దుకాణం పెట్టాడు. ఆ దుకాణం పోయింది, దాని పేరు పేటకు మిగిలింది. సిటీ బస్సుల బోర్డుల మీద, చిరునామాల్లో రోజూ ఆయన పేరే రాస్తున్నాం. ఆబిద్ తెనాలిలో దుకాణం పెట్టి ఉంటే ఆ పేటను 'ఆబిద్ కొట్టు' అనేవాళ్లు.

ఆదివారం పొద్దున అబిడ్స్ షట్టర్లు దిగి ఉంటాయి. వాటి ముందు ఫుట్‌పాత్ పొడవునా పాత పుస్తకాలు పరుచుకుంటాయి. వైద్యం, ఇంజనీరింగ్, పాత వారపత్రికలు, అట్టలూడిన నవలలు, ఎవరో ఎవరికో ప్రేమతో సంతకం చేసి ఇచ్చినవి. నేనిక్కడికి కొన్ని వందల ఆదివారాలు వచ్చి ఉంటాను. అమ్మేవాళ్లు "బోణీ చెయ్యి సార్" అంటారు. ఏ జట్టు తొలి మ్యాచ్ నెగ్గినా క్రీడల పేజీ 'బోణీ కొట్టింది' అంటుంది. అమ్మేవాడికి బోణీ మర్యాదగా అడిగి చేయించుకోవాల్సినది, ఆటగాడికి కొట్టి తీసుకోవాల్సినది.

ఈ ఫుట్‌పాత్ మీద వినిపించే ఇంకో 'కొట్టు' ఉంది. బండ్లు తీసేయమన్న రోజున పెద్దా చిన్నా అందరి నోటా వచ్చే మాట: "మా పొట్ట కొట్టకుండ్రి." 2014లో పార్లమెంటు వీధి విక్రేతల జీవనోపాధి రక్షణకు ఒక చట్టం చేసింది. అందులో 'జీవనోపాధి' అని నాలుగైదు అక్షరాల్లో చెప్పినదాన్ని వీళ్లు ఎప్పటినుంచో 'పొట్ట' అంటున్నారు. కొట్టేవాడి చెయ్యి పొట్టకు తగలదు, బండికే తగులుతుంది. అయినా దెబ్బ ఎక్కడ పడుతుందో మాటకు తెలుసు.

బ్రౌనుకు తెలియని అర్థాలు

ఈ పుస్తకాల వరసలోనే నాకు బ్రౌన్ నిఘంటువు పునర్ముద్రణ ఒకటి దొరికింది. సి.పి. బ్రౌన్ తెలుగు-ఇంగ్లిషు నిఘంటువు 1852 నాటిది. మన దేశంలో బొంబాయి నుంచి ఠాణే దాకా తొలి ప్రయాణికుల రైలు నడిచింది ఆ తర్వాతి సంవత్సరం, 1853 ఏప్రిల్‌లో. సామాన్య జనానికి తంతి అందుబాటులోకి వచ్చింది ఇంకా తర్వాతే. కాబట్టి హారన్ కొట్టడం, టెలిగ్రాం కొట్టడం, టైపు కొట్టడం, టైరుకు గాలి కొట్టడం, కరెంటు షాకు కొట్టడం, సిక్సరు కొట్టడం, క్లాపు కొట్టడం ఇవేవీ ఆ పెద్దాయన చెవిన పడే వీల్లేదు. తెలుగువాళ్లు వాటన్నిటికీ ఎవరినీ అడక్కుండా, ఏ పండితసభా కూర్చోకుండా పాత క్రియనే తొడిగారు.

టెలిగ్రాంకు అది అతికినట్టు సరిపోయింది. మీట మీద వేలితో కొడితేనే కదా అవతలి ఊళ్లో చప్పుడు. టైపు మిషను కూడా అంతే, కాగితం మీద ఇనుప అక్షరం వచ్చి పడాలి. ఇంట్లో కాన్పయినా, ఎవరైనా పోయినా "టెలిగ్రాం కొట్టండి" అనేవాళ్లు. 2013 జులైలో దేశమంతటా టెలిగ్రాం సేవ ఆగిపోయింది. మీట పోయింది గానీ కొట్టడం పోలేదు. అప్పటికే అది ఫోన్లోకి మారిపోయింది. ఫోన్ నంబరు కొట్టు, ఓటీపీ కొట్టు, లైక్ కొట్టు. జగదీష్ మార్కెట్‌లో పాత ఫోను బాగుచేసే కుర్రాడు తెర మీద వేలు ఆనించీ ఆనించకుండా జరుపుతూ "పాస్‌వర్డ్ కొట్టన్నా" అంటాడు. అద్దాన్ని ఎవరూ కొట్టరు, తాకుతారు. అయినా తాకడం అనాలని ఎవరికీ తోచలేదు.

'ఫోన్ చేయి'కీ 'ఫోన్ కొట్టు'కీ తేడా చాలామంది వినిపించుకోరు గానీ ఉంది. ఫోన్ చేస్తే మాట్లాడతారు. ఫోన్ కొడితే ఒక్క ముక్క చెప్పి పెట్టేస్తారు. 'కొట్టు'లో ఒక్క దెబ్బకు తేలిపోయే తొందర ఉంది, చనువూ ఉంది. స్నేహితుడికి "దిగంగనే ఫోన్ కొట్టు" అంటాం. మేనమామకు "ఫోన్ చేయండి మామయ్యా" అంటాం. ఆయనతో కొట్టమని అంటే ఏదో తగ్గించినట్టు ఉంటుంది. మర్యాద కాస్త సడలిన చోటే ఈ క్రియ హాయిగా తిరుగుతుంది. కాస్త ఆడంబరం ఉన్న చోటా అంతే: ఫోజు కొట్టడం, డబ్బా కొట్టుకోవడం, డైలాగు కొట్టడం. బడికి ఎగనామం పెడితే డుమ్మా కొట్టడం, పక్కవాడి కాగితం చూస్తే కాపీ కొట్టడం. చిన్న చిన్న నేరాలను కూడా కాస్త ఆప్యాయంగా చెప్పడం దీనికే తెలుసు.

ఈ వరసలో కొత్తగా చేరినది సిటీ బస్సుల్లో ఉంది. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ ఆర్టీసీలో మహిళలకు ఉచిత ప్రయాణం మొదలయింది. డబ్బు లేకపోయినా టికెట్ మాత్రం తీసుకోవాలి. అబిడ్స్ జీపీఓ స్టాపులో ఎక్కిన అవ్వ ఆధార్ కార్డు చూపించి "జీరో కొట్టు బిడ్డా" అంటుంది. కండక్టరు మిషను మీద నొక్కితే సున్నా రూపాయల కాగితం బయటికొస్తుంది. ఆ అవ్వ నోట్లో ఆ మాట వయసు రెండు మూడేళ్లు. వింటే తాతల నాటిదిలా ఉంటుంది.

ఇలాంటి మాటల్ని ఎవరైనా కూర్చుని రాసిపెట్టాలని నా కోరిక. ఒకప్పుడు ఆ పని ఈ నగరంలోనే జరిగింది. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం తెచ్చింది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకులు. ఊళ్లు తిరిగి, రైతుల నోట విని, వ్యవసాయం మాటల్ని జిల్లాలవారీగా సేకరించిన పుస్తకమది. నాగలికి ఉన్న ఒక్కో భాగాన్ని ఏ ఊరివాళ్లు ఏమంటారో అందులో చూసుకోవచ్చు. కండక్టర్లు, మెకానిక్కులు, సెల్‌ఫోన్ బాగుచేసేవాళ్లు, కోర్టు గుమాస్తాలు వాడే మాటలకూ అంతే శ్రద్ధ దక్కాలి. 1985లో మొదలైన తెలుగు విశ్వవిద్యాలయం నాంపల్లిలో, పబ్లిక్ గార్డెన్స్‌లోనే కదా ఏళ్ల తరబడి నడిచింది. గేటు దాటితే ముడిసరుకంతా రోడ్డు మీదే ఉంది.

అత్తరు, సెంటు, నాణెం

మొజంజాహీ మార్కెట్ 1935లో కట్టింది. ఏడో నిజాం రెండో కొడుకు మొజంజా పేరు పెట్టారు. దాని రాతి గడియారపు స్తంభం కింద ఐస్‌క్రీం దుకాణాలు, పళ్ల దుకాణాలు, అత్తరు దుకాణాలు ఉన్నాయి. అత్తరు దుకాణంలో సీసా మూత తీసి, గాజుపుల్లతో మణికట్టు మీద ఒక చుక్క అద్దుతారు. దాన్ని పూసుకుంటాం, రాసుకుంటాం, కొట్టుకోం. కొట్టుకునేది సెంటు, నొక్కితే తుంపరగా చిమ్మేది. చుక్క నెమ్మదిగా చర్మంలోకి ఇంకుతుంది, తుంపర వచ్చి తగులుతుంది. క్రియ ఈ తేడాను చక్కగా పట్టుకుంది.

ఆ దుకాణం నుంచి రెండడుగులు వేస్తే మురుగు కాలువ. అక్కడ "వాసన కొడుతోంది" అంటాం. అత్తరు దుకాణం ముందు ఎవరూ అలా అనరు, అక్కడ గుబాళిస్తుంది. వాసన 'వస్తే' ఏదైనా కావచ్చు, వాసన 'కొడితే' అది కంపే. పప్పు రాత్రికి కొట్టింది, కొబ్బరినూనె కొడుతోంది అని ఊరుకున్నా చాలు, ముక్కు మూసుకుంటాం.

ఇక్కడికి దగ్గర్లోనే సైఫాబాద్ టంకసాల ఉంది. 1903లో అక్కడికి చేరింది. చార్మినార్ బొమ్మతో నిజాం నాణేలు, హాలి సిక్కాలు కొట్టేవాళ్లు. ఇప్పుడక్కడ నాణేల తయారీ లేదు, 2022లో ప్రదర్శనశాల తెరిచారు. లోహం మీద అచ్చు ఒక్క దెబ్బతో పడితే బిళ్ల కాస్తా డబ్బు అవుతుంది. ప్రభుత్వ కాగితాలు ముద్రణ అంటాయి గానీ నాణెం విషయంలో కొట్టడమే సరైన మాట. జీపీఓలో తపాలా బిళ్ల మీద తేదీ ముద్ర కొట్టే చప్పుడు విన్నవాళ్లకు ఆ వరస తెలుస్తుంది.

మూడు భాషలు, ఒకే కన్ను

హైదరాబాదీ ఉర్దూలో గప్పే మారో అంటారు, తెలుగులో గప్పాలు కొడతాం. చక్కర్ మార్నా అంటారు, చక్కర్ కొడతాం. నకల్ మార్నా అంటారు, కాపీ కొడతాం. జనవరి 1న ఏటా జరిగే ప్రదర్శన నుమాయిష్ మొదలవగానే నాంపల్లిలో ఇంటింటా వినిపించేది "ఒక చక్కర్ కొట్టొద్దాం పా" అనే. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై తర్వాత ఇప్పటి ఎగ్జిబిషన్ మైదానానికి మారిన ఆ నుమాయిష్‌లో మాటలు ఇటూ అటూ దుకాణం మారడం కళ్లారా చూడవచ్చు. అమ్మేవాడు ఉర్దూలో ధర చెబితే కొనేవాళ్లు తెలుగులో బేరమాడతారు, మధ్యలో క్రియ ఎవరిదో తెలియకుండా పోతుంది.

ఇంకాస్త వెనక్కి వెళితే ఫారసీ. 1880ల దాకా నిజాం ప్రభుత్వపు కాగితాలు ఆ భాషలోనే నడిచాయి. ఫారసీలో 'జదన్' అంటే కొట్టడం. హర్ఫ్ జదన్ అంటే మాట్లాడటం, అక్షరాలా చూస్తే మాట కొట్టడం. ఖదం జదన్ అంటే షికారుగా నడవడం, అడుగు కొట్టడం. నేటి ఇరాన్‌లో జంగ్ జదన్ అంటే ఫోన్ చేయడం, జంగ్ అంటే గంట. చష్మక్ జదన్ అంటే కన్ను కొట్టడం. ఉర్దూలో ఆంఖ్ మార్నా, తెలుగులో కన్ను కొట్టడం, ఫారసీలో చష్మక్ జదన్. ఒక కనురెప్ప అలా వాలి లేస్తే మూడు భాషలవాళ్లకూ దెబ్బే తోచింది. ఇందులో ఎవరు ఎవరి దగ్గర తీసుకున్నారన్న లెక్క కంటే, మూడూ ఒకే నగరంలో ఒకరి మాట ఒకరు వింటూ బతికాయన్నది నాకు ముఖ్యం. ఇక దక్షిణాదిలో మన చుట్టాల దగ్గర ఈ మాట చప్పుడును వదల్లేదు. తమిళంలో, మలయాళంలో కొట్టు అంటే వాయిద్యం మోగించడం. మనమూ డప్పు కొడతాం, చప్పట్లు కొడతాం.

చెయ్యి లేని దెబ్బలు

ఎండ కొడుతుంది, వాన కొడుతుంది, గాలి కొడుతుంది. కొట్టేవాడు కనిపించడు. గుండె కొట్టుకుంటుంది, దాన్ని ఎవరూ కొట్టరు. ఊరెళ్లిన పిల్లాడి కోసం తల్లి ప్రాణం కొట్టుకుంటుంది. ఆసుపత్రిలో ఉన్న మనిషి చావుబతుకుల మధ్య కొట్టుమిట్టాడతాడు. 'కొను' చేరగానే దెబ్బ లోపలికి తిరుగుతుంది. తల కొట్టుకోవడం, నోరు కొట్టుకోవడం, గుండెలు బాదుకోవడం, దుఃఖంలో మనిషి తన ఒంటినే వాయిద్యం చేసుకున్నట్టు ఉంటుంది.

'పోవు' చేరితే ఇంకో దారి. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగింది. అఫ్జల్‌గంజ్ వైపు ఇళ్లు, మనుషులు, పశువులు కొట్టుకుపోయాయి. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు పట్టుకుని పదుల మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ తర్వాతే గండిపేట, హిమాయత్‌సాగర్ జలాశయాలు కట్టారు. నీళ్లు కొట్టాయని ఎవరూ అనరు, కొట్టుకుపోయారనే అంటారు. చేసినవాణ్ని చెప్పకుండా జరిగిన నష్టాన్ని మాత్రమే చెప్పే మాట అది.

కొట్లాడు

నాంపల్లి నుంచి అసెంబ్లీ వైపు నడిస్తే గన్ పార్క్. 1969 తెలంగాణ ఉద్యమంలో ప్రాణాలిచ్చినవాళ్ల స్తూపం అక్కడ ఉంది. శిల్పి ఎక్కా యాదగిరిరావు. దాని ముందు నిలబడ్డప్పుడు నా చిన్నప్పటి మాటకు కొత్త అర్థం తెలిసింది.

మా వైపు కొట్లాట అంటే వీధిలో జుట్లు పట్టుకోవడం. పిల్లలు కొట్లాడుకుంటే విడదీసి చెరో రెండు అంటిస్తారు. తెలంగాణలో 'కొట్లాడు' తలెత్తుకుని నిలబడ్డ మాట. హక్కు కోసం కొట్లాడతారు, నీళ్ల కోసం, కొలువుల కోసం కొట్లాడతారు. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చిన రోజు "కొట్లాడి తెచ్చుకున్నం" అని పెద్దవాళ్లు అన్నప్పుడు ఆ మాటలో నేనెరిగిన అర్థం ఒక్క చుక్క కూడా లేదు. పోరాటం అనే పుస్తకాల మాట అక్కడ చాలదు. పోరాటాన్ని నాయకులు చేస్తారు, కొట్లాడటం ఇంటి మనుషులు చేస్తారు.

దాని తయారీ కూడా చూడండి. మాటలు ఆడితే మాట్లాడటం. పోట్లు ఆడితే పోట్లాడటం. కొట్లాడటమూ అదే మూసలో పోసింది. 'ఆడు' చేరగానే ఎదుటివాడు కూడా లెక్కలోకి వస్తాడు. కొట్టడానికి ఒక చెయ్యి చాలు. కొట్లాడటానికి తిరిగి లేచే రెండో మనిషి కావాలి.

మూడు అక్షరాల వాక్యం

తిరిగి కోర్టు గేటు దగ్గరికి వచ్చాను. ఇంత దూరం నడిచాక ఒకటి తేలింది. ఈ క్రియకు ముందు ఏదో ఒక పేరు తోడుంటే అది దాదాపు ఎవరినీ నొప్పించదు. ఫోన్, టికెట్, చక్కర్, కన్ను, గప్పాలు ఒక్కోటి ఒక్కో మెత్త. ఆ మెత్త తీసేస్తే మిగిలేది చెయ్యి, ఒళ్లు.

"కొడ్తడు."

నీడలో టైపు చేసేవాళ్ల వరస దగ్గర ఒక బెంచీ మీద కూర్చున్న ఆడమనిషి అన్న మాట అది. ముప్ఫై ఏళ్లుంటాయేమో. పక్కన తల్లి. ఫిర్యాదు రాయించుకోవడానికి వచ్చారు. గృహహింస నుంచి మహిళల రక్షణ చట్టం 2005లో వచ్చింది, మరుసటి ఏడాది నుంచి అమల్లో ఉంది. శారీరక హింసతో పాటు మాటల హింస, డబ్బు ఇవ్వకుండా పెట్టే హింస కూడా అందులో ఉన్నాయి. అవన్నీ వకీలు ఆమెకు నెమ్మదిగా చెబుతున్నాడు. ఆమె ప్రతి ప్రశ్నకూ ఒకే జవాబు చెబుతోంది. ఎవరు, ఎవరిని, దేనితో అన్నవేవీ ఆమె వాక్యంలో లేవు. తెలుగు తెలిసినవాళ్లెవరికీ అవి అక్కర్లేదు.

టైపు చేసే పెద్దాయన కంప్యూటరు మీద అలవాటైన వాక్యం మొదలుపెట్టాడు. తెర మీద అక్షరాలు వరసగా వస్తున్నాయి: 'సదరు ప్రతివాది నన్ను శారీరకంగా హింసించుచు...' తల్లి తొంగి చూసి చదవమంది. ఆయన చదివాడు. కూతురు మొదటిసారి తలెత్తింది.

"అట్ల గాదు సార్. కొడ్తడు అని కొట్టుండ్రి."

ఆయన వకీలు వైపు చూశాడు. వకీలు సరేనన్నాడు. పెద్దాయన వెనక్కి వెళ్లి ఆ వాక్యాన్ని కొట్టేసి, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ ఆమె మాటను కొట్టాడు.